పెంచింది ఎవరని అడిగితే

నేను ఒక పలుచని పొరను. ఎంత పలుచన అంటే, నన్ను చూపించమంటే అందరూ నా కిందున్న సిలికాన్ పలకనే చూపిస్తారు. విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో, పంపులతో గాలంతా తోడేసిన ఉక్కు గదిలో పుట్టాను. అక్కడ సిలికాన్‌నూ జెర్మేనియాన్నీ విడివిడిగా ఆవిరి చేసి, వేడెక్కిన పలక మీదికి వదులుతారు. పరమాణువు పక్కన పరమాణువు కుదురుకుని పొర అవుతుంది. ఆ పనిని వాళ్ళు తయారుచేయడం అనరు, పెంచడం అంటారు. ఆ మాట నాకు భలే నచ్చింది.

నన్ను పెంచింది దమయంతి. పీహెచ్‌డీ చేస్తున్న పిల్ల. నాది పుట్టుకతోనే ఇరుకు బతుకు. నా పరమాణువులు కాస్త ఎడంగా కూర్చునే రకం, కింది పలకవి దగ్గరగా కూర్చునేవి. వాటి కొలతకు ఒదిగి బిగబట్టుకుని ఉండాలి. ఆ బిగువు వల్లే నాలో విద్యుత్తు చురుగ్గా పరుగెడుతుంది. మందం కాస్త మించిందా, తట్టుకోలేక లోలోపల తెగిపోతాను. నాకు ముందు ఎన్ని పొరలు అలా పాడయ్యాయో! దమయంతి తెర మీది వెలుగు గీతలకు కళ్ళప్పగించి కూర్చునేది. గీతలు చుక్కలుగా విడిపోతే పొర గరుకెక్కినట్టే. నా వంతుకు అవి చివరిదాకా నిలిచాయి. సరిగ్గా వేళకు ఆవిరి ఆపేసి, "ఒదిగిపోయావే తల్లీ!" అంటూ ఏడ్చేసింది.

ఆమె గైడు కామేశ్వరరావు గారు. "ఈ పొర కుదిరితే పరిశోధన పేపర్లో ముందు పేరు నీదేనమ్మా" అని మాటిచ్చిన పెద్దమనిషి. తీరా కుదిరాక ఆయనకు మేనల్లుడు శశిభూషణ్ గుర్తొచ్చాడు. అక్కడే కొత్తగా ఉద్యోగంలో చేరాడు, చూపించుకోవడానికి ఒక్క మంచి పొరైనా లేదు, పాపం. మనుషులకు జాలి కూడా చుట్టరికం చూసే పుడుతుంది.

"చూడమ్మా, ఇది మావాడి పేరున పోనీ. నువ్వు ఇంకోటి పెంచుకోలేవా ఏంటి? రేపు నీ థీసిస్ మీద సంతకం పెట్టాల్సింది నేనే కదా" అన్నారు నవ్వుతూ.

దమయంతి తలూపింది. నేను బెంగపడలేదు. సమయం వస్తే నోరు విప్పుతుందని గట్టిగా నమ్మాను.

సమయం వచ్చింది. హైదరాబాదు నుంచి రాజ్యలక్ష్మి గారనే పెద్ద శాస్త్రవేత్త వచ్చారు. నా పరీక్షల ఫలితాలు చూసి మురిసిపోయారు. శశిభూషణ్‌ని రెండు ప్రశ్నలడిగి, అతను నీళ్ళు నమలడం చూసి, దమయంతిని పక్కకు పిలిచారు.

"నిజం చెప్పమ్మా, దీన్ని పెంచింది నువ్వే కదూ? భయపడకు. పైవాళ్ళతో నేను మాట్లాడతాను."

"కాదండీ, శశిభూషణ్ గారే పెంచారు. నేను పంపులు చూసుకున్నానంతే."

గొంతు తడబడనైనా లేదు. కామేశ్వరరావు గారి మీద నాకు కోపం లేదు, ఆయన నాకేమవుతారు కనుక? ఈమె మాటకు మాత్రం నా ప్రాణం చచ్చిపోయింది.

మైక్రోస్కోపు కింద చూడటానికి రాజ్యలక్ష్మి గారు ఒక ముక్క అడిగారు. శశిభూషణ్ వజ్రపు మొన చేతపట్టుకుని దిక్కులు చూశాడు. "ఉండండి సార్, నేను కోస్తాను" అని దమయంతే ముందుకొచ్చింది. అంచున చిన్న గీత పెట్టి సుతారంగా నొక్కితే రెండు ముక్కలయ్యాను. ఒకటి హైదరాబాదు వెళ్ళింది. అక్కడ ఎంత వెతికినా తెగిన చోటు ఒక్కటీ కనబడలేదట. అభినందనలు శశిభూషణ్‌కి వచ్చాయి.

రెండో ముక్కను బీరువాలో దాచే ముందు, దమయంతి నన్ను పెట్టిన డబ్బా మీద అతని పేరు రాసింది. ఎవరూ రాయమనలేదు. ఒక్క వంకర లేకుండా, ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. కనీసం అంత ఓపికగా రాయకుండా ఉండాల్సింది.