పద్నాలుగో ప్రశ్నకు జవాబు

"రోజుకెన్నిసార్లు నీళ్ళు పోశావమ్మా?"

అడిగిన ఆఫీసరు జీపు నీడలో కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఒళ్ళో చన్నీళ్ళ ఫ్లాస్కు. జవాబు చెప్పాల్సిన నాగేశ్వరమ్మ ఎండలో నిలబడి ఉంది. ఆమె వెనక ఎకరం గరప నేల, అందులో వరసగా నలభై ఎండు పుల్లలు. ఏడాది కిందట అవి ప్రభుత్వం వారిచ్చిన బంగినపల్లి అంటు మొక్కలు. చచ్చినా పీకకూడదని ఆర్డరు. లెక్కపెట్టాలట!

"బోరేయిస్తామన్నారు, వెయ్యలేదండీ. మైలు దూరం నించి బిందెల్తో మోసి పోశామండీ."

"కథ అడగలేదు. అంకె చెప్పు."

"అంకంటే... ఓపికున్నప్పుడల్లా పోశామండీ."

"సున్నా రాయవయ్యా," అన్నాడు ఆఫీసరు, నా వైపు తిరక్కుండానే.

ఆ సున్నా రాసింది నేనే. నూజివీడు కాలేజీలో బి.ఏ. గట్టెక్కి, పనిలేక తిరుగుతున్నవాణ్ణి. చాట్రాయి అవతల మా ఊరు, మా పేట, మా వాళ్ళ పొలాలు. ఫారాలు నింపడానికి నన్నే పిలిచారు. ఇదంతా మీకు సిగ్గు లేకుండా చెబుతున్నాను. నేను సిగ్గుపడి దాచుకున్నన్నాళ్ళూ బాగుపడింది ఆ జీపులో వచ్చినవాళ్ళే.

సంగతేమిటంటే, అంతకు ముందేడు, అంటే ఎనభై ఆరులో, మా పేటలో ఇరవై రెండు కుటుంబాలకి ఎకరం చొప్పున బంజరు పట్టాలిచ్చారు. ఎకరానికి నలభై మొక్కలిచ్చారు. ఎప్పుడిచ్చారు? రోహిణీ కార్తెలో! పిట్ట కూడా చెట్టు దిగని ఎండలో. మామిడి మొక్క తొలకరికి నాటాలని మా పేటలో పాలు తాగే పిల్లకి కూడా తెలుసు. హైదరాబాదులో ఉన్న మేధావులకి మటుకు తెలియదు. ఆ మొక్కలు సరఫరా చేసినవాడు మా ఊరి బసవపున్నారావు. డెబ్భై ఎకరాల మామిడి తోట, సొంత నర్సరీ, ఆఫీసుల్లో కుర్చీ లాగి కూర్చోబెట్టే పలుకుబడి ఉన్నవాడు.

ఫారంలో పద్నాలుగో ప్రశ్న: మొక్క చనిపోవుటకు కారణము. కింద మూడు గళ్ళు. లబ్ధిదారుని అశ్రద్ధ, పశువుల మేత, ఇతరములు. నేను 'ఇతరములు' దగ్గర టిక్కు పెట్టి, నీళ్ళు లేవని రాయబోతే ఆఫీసరు నా పెన్ను పట్టుకున్నాడు.

"ఇతరములు ఎక్కువైతే టేబుల్లో ఇమడవయ్యా. మొదటిదానికి టిక్కు కొట్టెయ్."

కొట్టేశాను. ఇరవై రెండు టిక్కులు. పొద్దున్న పదింటికి మొదలైన పరిశోధన పన్నెండుకల్లా ముగిసింది. జీపు బసవపున్నారావు ఇంటికి భోజనానికి వెళ్ళింది. వాళ్ళు లోపల తిన్నారు, నేను వసారాలో తిన్నాను. మామిడికాయ పప్పు బావుందని కూడా అన్నాను, నా మొహం మండ.

రెండు నెలలకి నివేదిక వచ్చింది. అట్ట మీద ఆకుపచ్చ బొమ్మ. నేనే పేట మధ్యన నిలబడి చదివాను. బతికిన మొక్కలు నూటికి నాలుగు. కారణం, లబ్ధిదారుల అశ్రద్ధ. ఇక పథకాన్ని మెరుగుపరచడానికి సిఫార్సులు రెండు. ఒకటి, లబ్ధిదారులకు మొక్కలకు నీరు పోయు విధానంలో మూడు రోజుల శిక్షణ. రెండు, సదరు ఇరవై రెండు ఎకరాలను వెనక్కి తీసుకుని, ఆదర్శ రైతు శ్రీ బసవపున్నారావు గారి యాజమాన్యంలో ఉంచడం.

మా మేనమామ యలమంద లేచాడు. నలభై ఏళ్ళుగా తోటల్లో పాదులు తవ్వి వేళ్ళు వంకర్లు తిరిగిన మనిషి.

"మొక్కకి నీళ్ళెట్టా పొయ్యాలో మనకి నేర్పుతారంట్రా? ఆడెవడు? ఆడి పెరట్లో తోటకూరన్నా మొలిచిందా? ఒరే, ఆ సున్నా రాసింది నువ్వే గదా?"

"నేనే మావా."

"రాసి, ఆ బసవపున్నారావింట్లో పప్పన్నం తిన్నావు."

"తిన్నాను మావా."

కొడతాడనుకున్నాను. ఉమ్మేసి పక్కకి తిరిగాడు. అంతకంటే కొట్టినా బాగుండేది.

నాగేశ్వరమ్మ లేచి పొలానికి నడిచింది. వెనకాలే అందరం వెళ్ళాం. ఒక ఎండు మొక్క పీకి, కాండం చుట్టూ ఉన్న పాలిథీన్ పట్టీ విప్పింది. అంటు మొక్కకి అక్కడ రెండు చెక్కలు కలిసిన బుడిపె ఉండాలి. బుడిపె లేదు. ఒకటే కాండం, దాని మీద ఏటవాలుగా కత్తి గాటు. గాటు దగ్గరే కుళ్ళి ఎండిపోయింది. అంటూ కాదు, బంగినపల్లీ కాదు. టెంక మొక్కకి గాటు పెట్టి, పట్టీ చుట్టి, అంటని అంటగట్టారు.

ఆమె ఇంకోటి పీకింది. మరోటి పీకింది. మూడో పట్టీ చేతిలో పెట్టుకుని కూలబడిపోయింది.

"ఇది నా చుట్టే. మూడు చుట్లు చుట్టి కొస కిందికి దోపుతా. ఆ నర్సరీలో అట్టా దోపేది నేనొక్కదాన్నే."

ఆడవాళ్ళంతా గబగబా పీకడం మొదలుపెట్టారు. పైకి దోపింది సీతారావమ్మది. ఎడమచేతి వాటంగా చుట్టింది ఆమె కోడలిది. చేతులు తెలియకుండా ఉంటాయా! ముందేడు నర్సరీలో పని చేసినవాళ్ళంతా మా పేటవాళ్ళే.

"చుట్టేటప్పుడు తెలీలేదా పిన్నీ?" అని నాగేశ్వరమ్మని అడిగాను.

"తెలీకేం అబ్బాయ్? అంటు కాదని తెలుసు. ఇదేంటండీ అనడిగితే, నీకు కూలి కావాలా కబుర్లు కావాలా అన్నాడు. ఏ మైలవరం రైతు నెత్తినో రుద్దుతాడులే, మనకెందుకని చుట్టాం. మన నెత్తినే రుద్దాడు."

నాకు నా టిక్కులు గుర్తొచ్చాయి.

సీతారావమ్మ భయపడింది. "ఈ సంగతి బయటపెడితే మనమే మోసం చేశామని మనల్నే లోపలేస్తారు. నర్సరీ పనీ పోద్ది."

"ఏస్తే ఎయ్యనీ," అంది నాగేశ్వరమ్మ. "చెప్పకపోతే ఎకరం పోద్ది. ఆ ఎకరం పోయాక మళ్ళీ ఆడి నర్సరీలోనే పట్టీలు చుట్టాలి, ఇంకో పేటోళ్ళ నెత్తిన రుద్దడానికి. నా వల్ల కాదు."

వాదులాట గంటసేపు సాగింది. చివరికి సీతారావమ్మే తను పట్టీ చుట్టిన మొక్కలన్నీ ఏరి మోపు కట్టింది.

నివేదిక సభ బసవపున్నారావు కాయల షెడ్డులో పెట్టారు. షామియానా, పూలదండలు, రస్నా గ్లాసులు. ఆఫీసరు పావుగంట మాట్లాడాడు. 'ప్రజల భాగస్వామ్యం' అనే మాట పదకొండుసార్లు వాడాడు. ప్రజలకి మటుకు కూర్చోడానికి చాప కూడా వెయ్యలేదు. బసవపున్నారావు చేతులు కట్టుకుని వినయం నటించాడు. ఆ నటనకి ఇంకో దండ వేశారు.

అప్పుడు ఆడవాళ్ళు మోపులు తెచ్చి బల్ల మీద పడేశారు. రస్నా ఆఫీసరు లాల్చీ మీద ఒలికింది.

"ఏంటీ అల్లరి?"

"మీరు లెక్కపెట్టిన శవాలండీ. చావడమైతే లెక్కేశారు. ఎట్టా చచ్చినయ్యో చూళ్ళేదు, చూడండి," అని నాగేశ్వరమ్మ ఆయన ముక్కు కిందే పట్టీ విప్పింది. "ఇది నేను చుట్టిందండీ. ఈ షెడ్డు వెనకాలే, ఈయన చుట్టమంటేనే చుట్టా. రాసుకోండి."

"మేం కూడా!" ఆడవాళ్ళంతా ఒక్కసారే అరిచారు.

బసవపున్నారావు వినయం జారిపోయింది. "ఏమే, నా తిండి తిని నా మీదే..."

"ఎవరి తిండి ఎవరు తిన్నారయ్యా?" యలమంద గొంతుకి షెడ్డు అదిరింది. "నీ డెబ్భై ఎకరాల్లో నువ్వు తవ్విన పాదు ఒక్కటి చూపించు!"

ఆఫీసరు నివేదికని రొమ్ముకి హత్తుకున్నాడు. "చూడండి, ఫీల్డు వర్కు అయిపోయింది. ప్రింటయిపోయింది. ఇలాంటిదానికి ఫారంలో కాలమ్ కూడా లేదు."

నేను ముందుకొచ్చాను. "ఉండేది సార్. ఇతరములు. మీరు నా పెన్ను పట్టుకున్నారు. ఆ ఇరవై రెండు టిక్కులూ దొంగ టిక్కులు. పెట్టినవాణ్ణి నేను. ఇదీ రాసుకోండి!"

రాసుకోలేదు. పోలీసుల్ని పిలిచారు. బసవపున్నారావు చుట్టించిన దొంగ మొక్కల మీద కేసు లేదు గానీ, ప్రభుత్వ మొక్కలు పీకినందుకు నాగేశ్వరమ్మ మీద కేసు పెట్టారు. చచ్చిన మొక్కలు! పీకినందుకు!

జనం పోలీసు వ్యానుకి అడ్డం పడ్డారు. లాఠీలు లేచాయి. యలమంద తల పగిలింది. వ్యానెక్కిస్తుంటే నాగేశ్వరమ్మ వెనక్కి తిరిగి కేకేసింది.

"ఒసే సీతారావమ్మా! మనం చుట్టినయ్యి నాలుగూళ్ళకి లోడెత్తారు. మనం చుట్టినయ్యి మనమే విప్పాలి, వెళ్ళండే!"

మర్నాడు పొద్దున్నే బసవపున్నారావు తోటలో కాయ కోయడానికి ఒక్క చెయ్యి రాలేదు. మగవాళ్ళు బంజరు మీద కూర్చున్నారు. ఆడవాళ్ళు రెండు జట్లుగా మైలవరం వైపు, బాపులపాడు వైపు నడిచారు. పోయిన ప్రతి ఊళ్ళో ఇవే బంజర్లు, ఇవే పుల్లలు, అశ్రద్ధపరులన్న ఇదే ముద్ర. మావాళ్ళు పట్టీలు విప్పి గాట్లు చూపించారు. "చుట్టింది మేమే, తప్పయింది," అని చేతులు జోడించారు. ఒక ఊళ్ళో తిట్టారు. ఆ తిట్లు పడి, నిలబడి, మిగతాది చెప్పారు. వెంట నేను కొత్త ఫారాలతో తిరిగాను. పద్నాలుగో ప్రశ్న కింద గళ్ళు లేవు, ఖాళీ పేజీ ఉంది. వాళ్ళు చెప్పింది చెప్పినట్టు రాశాను.

తొమ్మిదో రోజున బసవపున్నారావు కంచె రాళ్ళ లారీ మా బంజరు దగ్గర ఆగింది. వెనక ఆఫీసరు జీపు. అప్పటికి అక్కడ మా ఇరవై రెండు కుటుంబాలే కాదు, నాలుగూళ్ళ జనం ఉన్నారు, ఒక్కొక్కళ్ళ చేతిలో ఒక ఎండు మొక్క. అంతమందిని చూసి డ్రైవరు దిగనే లేదు. కూలీలు రాళ్ళు దించడానికి తలుపు తియ్యలేదు. లారీ వచ్చిన దారినే వెనక్కి తిరిగింది.

ఆఫీసరు మాత్రం జీపు దిగి, ఫ్లాస్కు చంకలో పెట్టుకుని, "మళ్ళీ సర్వే చేయిస్తాం. మీ డిమాండు ఏంటో చెప్పండి," అన్నాడు.

తలకి కట్టుతో యలమంద లేచి నా చేతిలోని ఫారాలు తీసుకుని ఆయనకి అందించాడు.

"సర్వే మేం చేశాం. కూకుని చదువుకోండి. నాగేశ్వరమ్మని వదిలిపెట్టేదాకా మేమూ ఇక్కడే కూకుంటాం."

ఆయన కుర్చీ కోసం చుట్టూ చూశాడు. ఎవరూ వెయ్యలేదు. మా ఎండలో నిలబడి మొదటి పేజీ తిప్పాడు.