ఏడో నంబరు

నాలుగు డబ్బాల్లో భోజనం సర్ది మూతలు బిగించింది ఆమె. ఐదోది, తనది, ఎప్పట్లాగే ఖాళీగా మిగిలింది.

"టీ చల్లారిపోయింది" అన్నారు అత్తగారు.

"నీ కోడలు ప్రయోగశాలలో కణాలకి మేత వెయ్యాలి కదమ్మా, మనకి వేడిగా ఎక్కడ కుదురుతుంది" అని నవ్వాడు భర్త.

ఆమె కూడా నవ్వింది. నవ్వకపోతే "ప్రతిదానికీ ఉడుక్కుంటావేం, నీ తత్వమే అంత" అంటాడు. పదకొండేళ్లుగా విని విని, నిజమే కాబోలు, తన పుట్టుకే అంత కాబోలు అనుకోవడం అలవాటైంది. సంచిలో వేరే ఊరి ప్రయోగశాల నుంచి వచ్చిన ఉత్తరం ఉంది. కొత్త విభాగం నడపమని. సాయంత్రంలోగా జవాబివ్వాలి. "వెళ్లు, ఎవరొద్దన్నారు? మా అమ్మని కూడా ఓ సీసాలో పెట్టి పట్టుకెళ్లు" అన్నాడతను, ఉత్తరం చూసిన రోజు.

ఆమె పని రోగనిరోధక కణాల మీద. ఒక తల్లి పిల్లల్లాంటి కణాలు ఊపిరితిత్తుల్లో ఒకలా, పేగుల్లో ఒకలా ఎందుకు మారతాయో చూడటం. "కణాన్ని తిట్టకండి, దాని చుట్టూ ఏముందో చూడండి" అని కొత్తగా చేరినవాళ్లందరికీ చెబుతుంది.

ఆ మధ్యాహ్నం పరిశోధక విద్యార్థిని తెర ముందు కూర్చుని నసిగింది.

"మేడమ్, ఈ ఏడో నంబరుని తీసేద్దామా? ఆరోగ్యవంతుల జాబితాలో ఎలా చేరారో! మనం రెచ్చగొట్టే మందేమీ కలపకముందే కణాలు కయ్యానికి కాలుదువ్వుతున్నాయి. పాపం, ఎవరో గానీ."

రక్తం ఇచ్చినవాళ్ల పేర్లు ఎవరికీ తెలియవు, నంబర్లే. పోల్చి చూడటానికి ఏటా రక్తమిచ్చే ఆ ఏడో నంబరు తనే.

"పన్నెండేళ్ల కిందట గడ్డకట్టించి దాచిన మొదటి సీసా కూడా కరిగించి చూశాను మేడమ్. ఎంత నెమ్మదిగా ఉన్నాయో! ఒకే మనిషివంటే నమ్మబుద్ధి కావట్లేదు."

పెళ్లికి ముందు ఏడాది అది. తెర మీద కణానికో చుక్క చొప్పున ఆ పాత చుక్కలు చెదరకుండా, ఒక మూల ఒదిగి ఉన్నాయి. ఆమెకి కోపం రాలేదు. ఎప్పుడో పోయిన దగ్గరి మనిషి ఫొటో ఎవరో చేతిలో పెట్టినట్టయింది. ఇలా ఉండేదన్నమాట తను. ఇదీ తన పుట్టుక. సంచిలోంచి ఉత్తరం తీసింది.

"తీసేద్దామా మేడమ్?"

"వద్దమ్మా, ఉంచు. ఆవిడ వచ్చే ఏడాది కూడా రక్తం ఇస్తారు. అప్పటికి ఆ ఇంట్లో ఉండరు."