మామ పెట్టిన పావడా

చట్నీలో ఉప్పు తక్కువైందని మా మరిది గిరి ప్లేటు పక్కకు నెట్టాడు. "వాడు శ్రీసిటీ ఫ్యాక్టరీల దాకా వ్యాన్ తోలుకోని పోవాల, ఇంకోతూరి రుబ్బు" అంది మా అత్త నాగులమ్మ. నేనూ తొమ్మిదికల్లా ఆఫీసులో ఉండాలి. బాలల రక్షణ విభాగంలో నేను చేసేది ఉద్యోగమని మా ఇంట్లో ఎవరూ ఇంతవరకు ఒప్పుకోలేదు. "ఊర్లో పిల్లోళ్ళ ఏడుపులు వినేదీ ఒక పనేనా?" అంటాడు మా ఆయన మునిచంద్ర, తిన్న ప్లేటు నా చేతికిస్తూ. మళ్ళీ రుబ్బి పెట్టి బస్సెక్కాను.

ఏర్పేడు దగ్గర ఒక హైస్కూలు నుంచి పిలుపు. పదమూడేళ్ళ మహిత మధ్యాహ్నాలు బడి ఎగ్గొడుతోంది, సంచిలో కొత్త ఫోను దొరికింది. "ప్రేమా గీమా అయ్యుంటుంది, నాలుగు మాటలు చెప్పండి" అన్నారు హెడ్‌మిస్ట్రెస్. ఆ వయసు పిల్లకు ఫోను కొనిచ్చి, అమ్మకు చెప్పొద్దన్నవాడిది ప్రేమ కాదని ఆరేళ్ళ ఉద్యోగం నాకు నేర్పింది. పిల్ల పక్కన కింద కూర్చున్నాను. గుచ్చిగుచ్చి అడగలేదు.

"ఎవురికీ చెప్పనని ఒట్టేయక్కా."

"ఆ ఒట్టు వేయలేనమ్మా. నిన్ను కాపాడేవాళ్ళకు చెప్పాల. తప్పు మాత్రం నీది కాదు."

నా చెయ్యి పట్టుకొని చెప్పింది. ఫోటోలు తీశాడట. పిలిచినప్పుడు రాకపోతే ఊరంతా చూపిస్తానన్నాడట. "మామే గదా అని వ్యాన్ ఎక్కినానక్కా. నేను పెద్దమనిషైనప్పుడు పట్టుపావడా పెట్టినాడు. మా అమ్మకు అన్నదమ్ములు లేరు. శ్రీసిటీ వ్యాన్ గిరి మామ."

ఆ పావడా నేను ఎంచిందే. మేనమామ లేని పిల్లకు ఎవరో ఒకరు వరస కలుపుకొని బట్టలు పెడితే మా వైపు పుణ్యమంటారు. "రంగు సూడు వదినా" అని గిరి అడిగితే, మా ఇంట్లో ఒక్కడికైనా మనసుందని మురిసిపోయి, ఏ ఊరి పిల్లకని కూడా అడక్కుండా ఆకుపచ్చది తీశాను. ఆ పిల్ల ఊరంతా వాణ్ణి మెచ్చుకుంది. ఆ మెచ్చుకోలు చాటునే వాడు పిల్లను పిలిపించుకున్నాడు. ఊరి పిల్లలందరినీ కనిపెట్టే నాకు సొంతిల్లు కనబడలేదని ఒళ్ళు మండిపోయింది. మండనీ, ముందు పని ఉంది.

గిరి నా మరిదేనని పిల్లకు అక్కడే చెప్పాను. చెయ్యి లాక్కుంది. "అయినా నేను నమ్మేది నీ మాటే" అన్నాను. ఏడ్చింది. ఇంటి మనిషి మీద కేసు నేను చూడకూడదు, అందుకని మా ఆఫీసులో పనిచేసే జెస్సీనీ, పిల్ల తల్లినీ బడికి పిలిపించి, తల్లీబిడ్డలను జెస్సీకి అప్పగించాను. ఫిర్యాదు మాత్రం నా చేత్తోనే రాశాను.

స్టేషన్‌లో సంతకం పెడుతుంటే మా ఆయన ఫోను. "గిరికి తలనొప్పంట, ఇంటికొచ్చి పండుకున్నాడు. బెరీన వచ్చి మిరియాల రసం పెట్టు."

"వస్తాండా" అని పెట్టేశాను.

మహిళా ఎస్సై కాగితం చదివి తలెత్తింది. "వీడిప్పుడు యాడుంటాడు?"

"మా ఇంట్లో మేడం. పదండి, తలుపు నేనే తీస్తాను."