మూత లోపలి అంకె

రాతలో తప్పులుంటే మన్నించండి. ఒత్తు ఎక్కడ పెట్టాలో, దీర్ఘం ఎక్కడ తియ్యాలో చెయ్యి ఇంకా తడుముకుంటోంది. ఒక్కో పేజీకి రెండు రోజులు పట్టింది. అరవై దాటాక బలపం పట్టిన చెయ్యి ఇది, పరుగెత్తమంటే పరుగెత్తదు. జరిగింది నాకే అయినా, "నేను" అని మొదలుపెడితే నన్ను నేను వెనకేసుకొస్తున్నట్టు ఉంది. అందుకని "ఆవిడ" అని రాశాను.

ఆవిడ రోజుకో గడియారం పెట్టుకునేది. వంటగది తలుపు పక్కన గోడకి ఏడు మేకులు, మేకుకో పాత గడియారం. సోమవారానిది నల్ల డయల్ ఉన్న చేతి గడియారం, రోజుకి నాలుగు నిమిషాలు వెనకబడుతుంది. మంగళవారానిది తొందర మనిషి, పొద్దున కీ ఇస్తే సాయంత్రానికి ఆరు నిమిషాలు ముందుంటుంది. బుధవారందానికి పెద్దముల్లు కాస్త వంకర. అన్నీ మగవాళ్ళ గడియారాలే. సన్నటి చేతికి నిలవక మోచేతిదాకా జారేవి, వాటిని పైకి కిందికి తోసుకుంటూ పనులు చేసుకునేది.

గురువారందంటే మాత్రం ఆవిడకి ప్రాణం. అది జేబు గడియారం. వెండి మూత, సన్నటి గొలుసు, డయల్ మీద నాలుగంకె పక్కన వెంట్రుక వాసి బీట. గొలుసు నడుముకి దోపుకుని తిరిగితే ఒంట్లో రెండో గుండె కొట్టుకుంటున్నట్టు ఉండేది.

అవన్నీ ఆవిడ భర్తవి. ఇంటి ముందుగదిలోనే ఆయన గడియారాలు బాగుచేసే కొట్టు. పాత సామాన్ల కొట్లలో కొన్నవి కొన్ని, పనికిరావని జనం వదిలేసిపోయినవి కొన్ని, అన్నిటినీ బతికించి, వాటినే మార్చి మార్చి పెట్టుకునేవాడు. "పెట్టెలో పెడితే నూనె గడ్డకట్టి చస్తాయే. ఒంటిమీద ఉంటేనే బతుకుతాయి," అనేవాడు. ఆయన పోయిన పదమూడో రోజో పద్నాలుగో రోజో, ఆవిడ సోమవారందానికి కీ ఇచ్చి చేతికి పెట్టుకుంది. అప్పటినుంచి ఆపలేదు.

ఇంట్లో తోడు ఆడపడుచు. నోరు కాస్త పెద్దది, మనసు అంతకంటే పెద్దది.

"ఏడు గడియారాలున్నాయి కదా వదినా, ఒక్కరోజన్నా అన్నం టైముకి దించావా?"

"ఏ గడియారం టైముకి దించమంటావో నువ్వే చెప్పు," అనేది ఆవిడ.

నిజానికి ఆవిడకి చాలా కాలం అంకెలు రావు. ముళ్ళు నిలబడిన తీరు చూసి టైము చెప్పేది. అడుగున ఉన్నది ఆరు, ఎడమ పక్కది తొమ్మిది. చోటుని బట్టి గుర్తుపట్టడమే తప్ప మొహం చూసి కాదు. పైగా ఆ జేబు గడియారంలో అంకెలన్నీ తలలు బయటికి, కాళ్ళు నడిమధ్యకి పెట్టి నిలబడతాయి. ఆరు దగ్గరికి వచ్చేసరికి అది తలకిందులై ఉంటుంది. అరవై రెండో ఏట సాయంత్రం బడిలో చేరి, పలక మీద ఆరు వెయ్యమంటే ఆవిడ వేసింది చూసి పంతులమ్మ నవ్వింది.

"అమ్మా, మీ ఆరు తలకిందులుగా నిలబడిందే! బొజ్జ కిందుంటే ఆరు. పైనుంటే తొమ్మిది. గుర్తుపెట్టుకోండి."

ఆవిడ గుర్తుపెట్టుకుంది. అంకెలు వచ్చాయి, అక్షరాలు వచ్చాయి, మూడేళ్ళకి కూడబలుక్కుని చదవడం వచ్చింది. అయితే పుస్తకంలో గీతలు అలుక్కుపోతున్నాయని ఒక గురువారం కళ్ళజోళ్ళ కొట్టుకి వెళ్ళింది.

కొట్టతను నలభై అయిదేళ్ళ మనిషి, నెమ్మదస్తుడు. ఒకదాని తర్వాత ఒకటి అద్దాలు మార్చి చూపించి, సరిపోయే జోడు కూర్చి, ముక్కు మీద నిలబెట్టాడు. బడికి టైమయిందేమోనని ఆవిడ నడుము దగ్గరి గడియారం పైకి తీసింది. అతని చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"ఒక్కసారి ఇటు చూపించండి. నాలుగు దగ్గర బీట... ఇది మీకెక్కడిది?"

"మా ఆయనదండీ. గడియారాలు బాగుచేసేవారు."

"మా నాన్నది," అన్నాడతను. "బడిలో గంట కొట్టేవాడాయన. ముప్పై ఏళ్ళు ఈ గడియారం చూసే కొట్టాడు. మీ ఆయనకి బాగుచెయ్యమని ఇస్తే, లేదు, కనిపించలేదు అని తిప్పి పంపేశాడు. మా నాన్న చచ్చేదాకా అదే మాట. నా గడియారం తినేశాడ్రా ఆ దొంగ, అని."

కొట్లో ఇంకో ముగ్గురున్నారు. వాళ్ళు అద్దాలు చూసుకోవడం మానేసి ఆవిడని చూశారు.

"నోరు జారకండి బాబూ. పోయిన మనిషి."

"మా నాన్నా పోయిన మనిషేనండీ." అతను సొరుగు లాగి పర్సులోంచి నలిగిన చీటీ ఒకటి తీశాడు. "నూట ఎనభై తొమ్మిది. మీ ఆయన చేతి రాతే. వెనక మూత లోపల ఇదే అంకె గీకి ఉంటుంది. అవునో కాదో మీరే చూడండి."

ఆవిడకి అక్కడ తియ్యబుద్ధి కాలేదు. ఇంటికి వెళ్ళి చూసి చెప్తానంది.

గంట కొట్టే ఆయన వచ్చిన రోజు ఆవిడకి గుర్తుంది. ఆ గుర్తులోనే భయం ఉంది. అప్పటికి భర్తకి రెండు కళ్ళకీ పొర వచ్చేసింది. గడియారాలు బాగుచేసేవాడికి చూపు లేదంటే కొట్టు మూతే. అందుకని ఎవరికీ తెలియనివ్వలేదు. వేళ్ళ గుర్తుతో పని చేసేవాడు, కంటితో చూడాల్సిన చోటల్లా ఆవిడ చూసేది. మూత లోపల అంకెల ఆకారం చెప్తే ఆయన పోల్చుకునేవాడు. ఒక గడియారానికి మొదటిసారి గీకిన అంకే ఎప్పటికీ, ఎన్నిసార్లు బాగుచేతకి వచ్చినా. ఆ రోజు చీటీ పట్టుకుని, "నూట ఎనభై తొమ్మిది వెతుకు," అని ఆకారం చెప్తే, గడియారాలుంచే రేకు డబ్బా మొత్తం మూడుసార్లు వెతికింది ఆవిడే. అందులో వెండి మూతవి చాలానే ఉన్నాయి, ఆవిడ అంకె ఒక్కటే చూసింది. లేదని చెప్పింది ఆవిడే.

ఇంటికొచ్చి చెప్పులు కూడా విప్పకుండా గోరుతో మూత తీసింది. కొత్త కళ్ళజోడు సర్దుకుని చూసింది. సూదిమొనతో గీకిన మూడంకెలు, చీమ తలకాయంత. ఆరు. ఎనిమిది. ఒకటి.

ఆరొందల ఎనభై ఒకటి! అక్కడే అరుగు మీద కూలబడి గట్టిగా ఊపిరి వదిలింది. మర్నాడు పొద్దున్నే వెళ్ళి, మూత తెరిచి అతని కళ్ళముందు పెట్టింది. అతను భూతద్దం పెట్టి చూశాడు. మొహం పాలిపోయింది.

"అంకె వేరే. బీట చూసి పొరబడ్డాను. అంత మాట అనకుండా ఉండాల్సింది, క్షమించండమ్మా."

నిన్నటి ముగ్గురిలో ఒకాయన ఆ పూట కూడా ఉన్నాడు. ఆయన ముందే అన్నాడు కొట్టతను ఆ మాట. ఆవిడ తల ఎత్తుకుని ఇంటికొచ్చింది. ఆ సంగతి ఆడపడుచుకి రెండుసార్లు చెప్పింది.

"మా అన్నయ్య దొంగైతే మనకి ఈ పెంకుటిల్లే ఉండేదా వదినా? మేడ ఉండేది," అంది ఆడపడుచు.

అక్కడితో ఆగిపోయి ఉంటే బాగుండేది. కానీ కొత్తగా చదువు వచ్చినవాళ్ళు ఊరుకోరు. బస్సు మీద రాత చదువుతారు, సబ్బు కాగితం చదువుతారు. చిన్న అక్షరాలు కూడా కనబడుతున్నాయన్న సంబరంలో ఆవిడ ఆదివారం పొద్దున కీ ఇచ్చే వేళ ఏడు గడియారాలూ దించి, వరసగా మూతలు తీసింది. మొదటి గడియారంలో నలభై రెండు. రెండోదాంట్లో మూడొందల ముప్పై. ప్రతి అంకెనీ పైకి చదివింది. చివరిది ఆదివారందే, చదరపు చేతి గడియారం.

ఆరు. ఎనిమిది. ఒకటి.

ఆవిడ జేబు గడియారం మూత మళ్ళీ చూసింది. రెంటిలోనూ అదే అంకె. ఒకే అంకె రెంటికి వేసే మనిషి కాడు ఆయన.

అటకమీంచి చీటీల పుస్తకం దింపించింది. తుమ్ముతూ కూడబలుక్కుంది. ఆరొందల ఎనభై ఒకటి దగ్గర ఇలా ఉంది: "చదరపు చేతి గడియారం. పాత సామాన్ల కొట్టు. సొంతం." పేజీలు వెనక్కి తిప్పింది. నూట ఎనభై తొమ్మిది: "జేబు గడియారం, వెండి. నాలుగు దగ్గర బీట. బడి గంట ఆయన."

ఆవిడ జేబు గడియారాన్ని బల్ల మీద పెట్టి మెల్లగా సగం చుట్టు తిప్పింది. ఒకటి. ఎనిమిది. తొమ్మిది.

గుండ్రటి మూతకి తలా లేదు, కాళ్ళూ లేవు. లోకమంతా కీ తిప్పే బుడిపెని పైకి పెట్టి జేబు గడియారం చూస్తుంది. ఆయన మాత్రం పని బల్ల దగ్గర బుడిపెని తన పొట్టవైపు పెట్టుకుని గీకేవాడు. ఆయన పక్కన అన్నేళ్ళు కూచుని కూడా ఆవిడకి ఆ ముక్క తట్టలేదు. "కింద బొజ్జ ఉన్నది, రెండు బొజ్జలున్నది, నిలువు గీత ఉన్నాయండీ," అని ఆ రోజు తనే చెప్పింది. "అది మనదే, పక్కన పెట్టు," అన్నాడు ఆయన. వేళ్ళతో తడిమి ఉంటే ఏ గడియారమో తెలిసేది. తడమలేదు. ఆవిడ మాట నమ్మాడు. ఆయన పోయాక దాన్ని మేకుకి తగిలించింది ఆవిడే.

ఆడపడుచు కూర తరుగుతూ అంతా విని, కత్తి పక్కన పెట్టింది.

"ఇప్పుడు ఏం చేస్తావు? అతను తప్పైందన్నాడుగా. ఇంక నీకూ నాకూ తప్ప ఎవరికి తెలుసు?"

"ఎవరికీ తెలీదు."

"వెళ్ళి చెప్తే, గడియారం పోతుంది. అన్నయ్యకి చూపు లేదన్న సంగతి బయటపడుతుంది. మొన్ననే కడిగిన పేరు మళ్ళీ బురదలో పడేస్తావా?"

"కడిగింది నేనే కదా. తప్పుడు అంకె చదివి కడిగాను. అది కడగడం కాదు."

"అందుకే అంటారు, ఈ వయసులో చదువెందుకని!"

"ఎవరంటారు?"

"నేనే," అని ఆడపడుచు మళ్ళీ కత్తి అందుకుంది. కాసేపు తరిగి, "చీర మార్చుకుని వెళ్ళు. తల వేలాడేసుకుని వెళ్ళకు," అంది.

సోమవారం పొద్దున కొట్టు తెరిచే వేళకే వెళ్ళింది ఆవిడ. జేబు గడియారం, చదరపు గడియారం, పుస్తకం, మూడూ బల్ల మీద పెట్టింది. ముందు ఒకవైపు నుంచి చూడమంది. తర్వాత తిప్పి చూడమంది. అతను మూడుసార్లు తిప్పాడు. పుస్తకంలో తండ్రి ఊసు వేలు పెట్టి చదివాడు.

"మొన్న నేను తప్పైందన్నాను," అన్నాడు చివరికి. "మీరు ఊరుకుంటే నాకు తెలిసేదే కాదు."

"తెలిసేది కాదు బాబూ."

"మా నాన్న ఆ తర్వాత గంట కొట్టడం మానేశాడు. గోడ గడియారం చూసి కొట్టమంటే కొట్టనన్నాడు. మీరిది ఇంకో పదేళ్ళ ముందు చదివి ఉంటే..."

"అప్పటికి నాకు చదవడం రాదు," అంది. "ఆయనకి రెండు కళ్ళకీ పొర. నేను చెప్పిందే విన్నారు. దొంగ అన్న మాట ఎవరికైనా పడాలంటే నాకు పడాలి."

అతను మూతని వెలుతురుకి పెట్టి ఆ చీమ తలకాయంత అంకెని మళ్ళీ చూశాడు. రోజూ కళ్ళు చూసే మనిషి.

"పొర వచ్చిన కంటికి దీపం చుట్టూ పొగ కనబడుతుందమ్మా. ఇది ఎక్కడ కనబడుతుంది? కనబడనివాడు దొంగతనం చేశాడని నేను ఎలా అంటాను?" "మీమీద కోపం మాత్రం ఇప్పుడప్పుడే పోదు. అది కూడా చెప్తున్నాను," అన్నాడు.

"ఉండనివ్వండి," అంది ఆవిడ.

అతనికి కీ ఇవ్వడం రాదు. ఆవిడ నేర్పింది. పొద్దున్నే, రోజూ ఒకే వేళకి, బుడిపె ఎదురు తిరగగానే ఆపాలి. ఇంకొక్క చుట్టు అని ఆశపడకూడదు. పెట్టెలో పెట్టకూడదు, ఒంటిమీద ఉంచాలి. అతను చొక్కా జేబులో వేసుకుని, చెవి వంచి విన్నాడు.

"ఒక్క పని చెయ్యనిస్తారా?" అని అడిగింది ఆవిడ. కళ్ళజోళ్ళ మరలు తిప్పే సన్నటి ఆయుధం ఒకటి అతని బల్ల మీదే ఉంది. అతను గడియారం చేతికిచ్చాడు. ఆవిడ మూత తీసి, బుడిపె పొట్టవైపు పెట్టుకుని, నూట ఎనభై తొమ్మిది కింద ఒక గీత గీసింది. ఏది అడుగో ఇంకెవరూ పొరబడకుండా. గీత కాస్త వంకరపోయింది.

ఇప్పుడు నాలుగో మేకు ఖాళీ. గురువారాలు ఆవిడ చేతికి ఏమీ పెట్టుకోదు. టైము ఎంతయిందని ఎవరైనా అడిగితే, కళ్ళజోళ్ళ కొట్లో అడగమంటుంది.

ఇట్లు,
గడియారాలమ్మ అని మా వీధిలో పిలుస్తారు. వయసు అరవై ఆరు. కొట్టు తీసేసిన ముందుగదిలోనే, ఆడపడుచుతో కలిసి ఉంటున్నాను.