ఆశీర్వాదం అయ్యేదాకా

దివిసీమలో ఏ మూల చర్చివాళ్ళు ఉజ్జీవ కూటాలు పెట్టినా మైకుసెట్టు కృపావరం ఉండి తీరాల్సిందే. ప్రసంగీకుడు ఆలస్యమైతే జనం ఓపిక పడతారు, పాటల జట్టు రాకపోతే ఉన్నవాళ్ళే గొంతు కలుపుతారు, కృపావరం రాకపోతే మాత్రం అంతే సంగతులు. నాగాయలంక నుంచి రిక్షాలో బాకాలు, పెట్టె, వైర్ల చుట్టలు వేసుకుని పొద్దు వాలకముందే దిగేవాడు. "హలో, హలో, మైక్ టెస్టింగ్" అన్న ఆయన గొంతు వినపడ్డాకే ఊళ్ళో ఆడవాళ్ళు పొయ్యిలార్పి చీరలు మార్చుకునేవాళ్ళు.

ఆయనకో పట్టింపు ఉండేది. చివరి రోజు పాస్టరు అయ్యగారు చేతులెత్తి ఆశీర్వాదం చెప్పి, జనమంతా ఆమెన్ అనేదాకా స్థలం కదిలేవాడు కాదు. వానొచ్చినా అంతే, ఇంటి నుంచి కబురొచ్చినా అంతే. భార్య సంతోషమ్మకి నొప్పులొస్తున్నాయని మనిషిని పంపితే "ఆశీర్వాదం అవగానే వస్తానని చెప్పు" అని తిప్పి పంపిన మహానుభావుడు. ఆయన ఇల్లు చేరేసరికి మేరీ పుట్టి, నీళ్ళు పోయించుకుని, హాయిగా నిద్రపోతోంది. ఆ ముక్క పట్టుకుని సంతోషమ్మ జీవితమంతా దెప్పింది. ఆయన జీవితమంతా నవ్వి ఊరుకున్నాడు.

అందుకే ఆయన్ని వృద్ధాశ్రమంలో దింపి రావాల్సిన రోజున ఏం అబద్ధం ఆడాలా అని సంతోషమ్మ వెతుక్కోనక్కర్లేకపోయింది. "గూడూరు దగ్గర కూటాలంట. మీరే రావాలంటున్నారు" అంది. ముసలాయన ముఖం మతాబాలా వెలిగింది.

మతి తప్పడం మొదలై అప్పటికి చాలా కాలమైంది. మొదట్లో పేర్లు మర్చిపోయేవాడు, ఆ తర్వాత వీధులు, ఆ తర్వాత అన్నం తిన్న సంగతి. చేతులు మాత్రం ఏదీ మర్చిపోలేదు. ఇంట్లో వైరు కనపడితే చాలు, పీకి మోచేతికి చుట్టేవాడు. ఫ్యాను వైరు, ఫ్రిజ్జు వైరు, పక్కింటివాళ్ళ కేబుల్ వైరు. ఒకసారి కరెంటున్న వైరే పట్టుకోబోతే సంతోషమ్మ అరిచిన అరుపుకి వీధి వీధంతా పరిగెత్తుకొచ్చింది. తలుపు తీసి ఉంటే ఎవరు పిలిచినా వాళ్ళ వెంట వెళ్ళిపోయేవాడు. రొయ్యల చెరువుల మేత లారీ ఎక్కి అవనిగడ్డ దాకా వెళ్ళిన రోజు కూడా ఉంది. ఆవిడ తన కొంగు ఆయన చొక్కాకి ముడేసుకుని పడుకునేది. దాన్ని నిద్ర అనడానికి వీల్లేదు.

ఓ రోజు స్నానం చేయిస్తుంటే "ఎవరు నువ్వు?" అని ఒక్క తోపు తోశాడు. సంతోషమ్మ గడప మీద పడింది. కుడి మణికట్టు విరిగింది. ఆవిడ ఏడుపు విని ఆయనకే మళ్ళీ తెలివొచ్చింది. ఒంటి మీద బట్ట లేకుండా వీధిలోకొచ్చి, "మా ఆవిడ చెయ్యి విరిగిందండీ, నేనే తోశాను, ఎవరన్నా రండి బాబూ" అని కేకలు పెట్టాడు. ఆ కేక తల్చుకుంటే సంతోషమ్మకి ఆయన మీద కోపం తెచ్చుకుందామన్నా రాదు.

మేరీ గుడివాడలో ప్రైవేటు స్కూలు టీచరు. రెండు గదుల ఇల్లు, మంచం పట్టిన అత్తగారు. తండ్రిని తీసుకెళ్ళే వీలు లేదు, ఆ మాట చెప్పడానికి నోరూ రాలేదు. "అమ్మా, నీ చెయ్యి అతికేదాకా ఉంచుదామే. అక్కడివాళ్ళకి ఇలాంటివాళ్ళని చూసుకోవడం అలవాటే. చెయ్యి బాగవగానే తెచ్చేసుకుందాం" అంది. చెయ్యి బాగవగానే. ఆ ఒక్క మాట మీద సంతోషమ్మ ఒప్పుకుంది.

బందరు దాకా బస్సు, అక్కడి నుంచి ఆటో. ఆశ్రమం రోడ్డు పక్కనే, కొబ్బరి చెట్ల మధ్య. వరుసగా మంచాలు, బంతి భోజనాలు, పొద్దునా సాయంత్రం ప్రార్థన, హాల్లో గోడకో చిన్న స్పీకరు. అచ్చం కూటాల స్థలంలాగే ఉంది. కృపావరం ఆ స్పీకరు వైపు చూసి, "ఈ డబ్బాతో ఏం వినపడుతుందే వీళ్ళకి?" అని పెదవి విరిచాడు.

"అందుకేగా మిమ్మల్ని పిలిచింది. ఇదుగో, ఎవరన్నా రమ్మంటే వెళ్ళిపోకండి. ఆఖరి రోజు నేనే వచ్చి తీసుకెళ్తాను. నాతోనే రావాలి. తెలిసిందా?"

"నువ్వొచ్చేదాకా కదలనులే సంతోషం. చెయ్యి జాగ్రత్త."

లారీల వెంట వెళ్ళిపోయే మనిషి కదా అని అలా చెప్పింది. ఆ మాట ఒక్కటీ ఆయన బుర్రలో మేకులా దిగిపోతుందని ఆవిడకేం తెలుసు.

మొదట్లో చూడ్డానికి రాకపోతేనే మంచిదని ఆశ్రమంవాళ్ళు చెప్పారు. ఇంటి మనిషిని చూస్తే బయల్దేరతానని గొడవ చేస్తారట. సంతోషమ్మ ఫోనులోనే సరిపెట్టుకుంది. సబీనా అని బందరు నుంచి రోజూ వచ్చే ఆయా ఫోనెత్తేది. మంచి పిల్ల. ఆయనకో పాత నైలాను తాడు ఇచ్చిందట, విప్పడం, చుట్టడం, అదే పని.

"తాతగారు బాగున్నారండీ. తింటున్నారు. పొద్దున లేవగానే దుప్పటి మడతపెట్టి, సంచీ పట్టుకుని బయట బెంచీ మీద కూర్చుంటారు. ఇవాళ ఆఖరి రోజు కదా, మా ఆవిడ వస్తుంది అంటారు. ఇంకో రోజు పెంచారు తాతగారూ అంటే, సరేనని సంచీ లోపల పెట్టేస్తారు."

"రోజూనా?"

"రోజూనండీ."

పిండికట్టు విప్పాక, బరువులెత్తొద్దని, వేళ్ళు ఆడిస్తూ ఉండమని డాక్టరు చెప్పాడు. సంతోషమ్మ ఆడించింది. పిడికిలి బిగిసింది, బిందె ఎత్తగలిగింది. అంటే చెయ్యి అతికింది. వెళ్ళి తెచ్చుకోవాలి.

వెళ్ళలేదు.

కారణం చెబితే ఎవరూ నమ్మరు. నిద్ర. ఏళ్ళ తరబడి ఎరగని నిద్ర ఆవిడ మీద వచ్చి పడింది. ఓ పొద్దున కళ్ళు తెరిచేసరికి ఎండ మంచం మీదకొచ్చి ఉంది. ముందు కంగారుపడింది, తర్వాత సిగ్గుపడింది, తర్వాత అటు తిరిగి మళ్ళీ పడుకుంది. వచ్చే ఆదివారం వెళ్దాం అనుకుంది. వచ్చే ఆదివారం వానలు. ఆ పైన కోతలు, బస్సులు కిక్కిరిసిపోతున్నాయి. ఆపైన ఏ సాకూ దొరక్కపోయినా వెళ్ళలేదు. ఆయనంటే ప్రేమ లేక కాదు. ఆ రాత్రులు మళ్ళీ మొదలవుతాయని భయం. సబీనాకి ఫోను చేయడం కూడా తగ్గించింది, "రోజూనండీ" అన్న మాట వినలేక.

క్రిస్మస్ ముందు ఆదివారం సంఘంలో విధవరాళ్ళకి చీరలు పంచారు. ఏటా ఉన్నదే. యవ్వనస్థుల సెక్రటరీ నితిన్ మైకులో పేర్లు పిలుస్తున్నాడు. ఆ మైకు కీచుమంటుంటే, కృపావరం ఉంటేనా అనుకుంటూ కూర్చుంది సంతోషమ్మ. ఇంతలో తన పేరు వినపడింది. లేచింది, వెళ్ళింది. పాస్టరమ్మగారు చేతుల్లో చీర పెట్టారు, ఎవరో ఫోటో తీశారు, జనం చప్పట్లు కొట్టారు. తిరిగొచ్చి కూర్చున్నాక పక్కనున్న పున్నమ్మ మోచేత్తో పొడిచింది.

"అదేంటే, నీకిచ్చారు? అన్నయ్యకేమన్నా అయిందా?"

సంతోషమ్మ గబగబా ముందుకెళ్ళి చీర బల్ల మీద పెట్టి, "నా మొగుడు బతికే ఉన్నాడు" అంది. మైకు పక్కనే నిలబడి అందేమో, అది హాలంతా వినపడింది. నితిన్ బిక్కచచ్చిపోయాడు. "సారీ ఆంటీ, ఒక్కరే ఉంటున్నారు కదా అని..."

కుర్రాడిదేముంది, తెలియక పిలిచాడు. పిలిస్తే తనెందుకు లేచింది? ఇంటికెళ్ళేదాకా ఆ ఒక్క ప్రశ్నే ఆవిడ్ని పొడుస్తూనే ఉంది. తన మనసు ఎప్పుడో ఆయన్ని సమాధుల తోటలో పెట్టి వచ్చేసిందా? ఆ రాత్రి నిద్ర రాలేదు. రాకపోవడమే ఆవిడకి కాస్త ఊరటగా అనిపించింది.

పండగ అవగానే పనిలో పడింది. కరెంటు మనిషిని పిలిచి, అందే వైర్లన్నీ గోడ లోపలికి పెట్టించింది. స్నానాల గదిలో గరుకు బండ వేయించింది. రోజూ వచ్చి సాయం పట్టేలా పున్నమ్మ కోడలితో మాట్లాడుకుంది. ఎండాకాలం సెలవుల దాకా ఆగమని మేరీ ఫోనులో బతిమాలితే, "నువ్వు పుట్టిన రోజున ఆయన ఆలస్యంగా వచ్చాడని ఇన్నేళ్ళు తిట్టాను. ఇప్పుడు నేను చేస్తున్నదేంటి?" అని పెట్టేసింది. ఆయనకిష్టమైన తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించి సంచీలో పెట్టుకుని తొలి బస్సెక్కింది.

ఆటోని గేటు దగ్గరే ఉండమంది. కృపావరం బెంచీ మీదే ఉన్నాడు. చిక్కిపోయాడు. ఒళ్ళో సంచీ, మోచేతికి చుట్టిన తాడు. సంతోషమ్మకి కాళ్ళు పరిగెత్తాయి.

"ఏమండీ! కూటాలు అయిపోయాయి. రండి, వెళ్దాం."

ఆయన తలెత్తాడు. "అయిపోయాయా? ఆశీర్వాదం చెప్పారా అయ్యగారు?"

"చెప్పారు."

"నాకు వినపడలేదే. ఆ డబ్బాతో ఏం వినపడుతుందిలే." నవ్వాడు. లేచాడు. సంచీ భుజాన వేసుకుని, ఆవిడ చెయ్యి పట్టుకుంటే పట్టుకోనిచ్చాడు. గేటు దాకా బుద్ధిగా నడిచొచ్చాడు. వెనక సబీనా కళ్ళు తుడుచుకుంటోంది. ఆటో కనపడగానే ఆయన ఆగిపోయాడు.

"ఇది ఎక్కడికండీ?"

"నాగాయలంక. మన ఇంటికి."

"మాదీ నాగాయలంకేనమ్మా. కానీ నేను రాకూడదు." మెల్లగా, నొప్పించకుండా తన చెయ్యి విడిపించుకున్నాడు. "మా ఆవిడ వస్తానంది. తను వచ్చేదాకా ఎవరితోనూ రావద్దంది."

"నేనేనండీ! నేనే వచ్చాను. సంతోషమ్మని."

ఆయన ఆవిడ ముఖంలోకి చూశాడు, చాలాసేపు, శ్రద్ధగా, ఊరివాళ్ళెవరో గుర్తుపట్టడానికి చూసినట్టు. గుర్తుపట్టలేకపోయినందుకు నొచ్చుకున్నట్టు తల దించుకున్నాడు.

"ఆవిడకి చెయ్యి విరిగిందమ్మా. నేనే తోశాను. అందుకే కోపమొచ్చి రావట్లేదేమో."

"కోపం లేదండీ. అసలు లేదు. చెయ్యి అతికింది, ఇదుగో, చూడండి!" మణికట్టు ఆయన కళ్ళ ముందు పెట్టింది. వేళ్ళు ముడిచి చూపించింది, విప్పి చూపించింది. ఆయన వేలితో ఆ మణికట్టుని తాకి చూశాడు.

"మీక్కూడా విరిగిందా, పాపం? దేవుడు బాగుచేశాడు చూడండి. మా ఆవిడ కోసం కూడా ఓ మాట ప్రార్థన చెయ్యండమ్మా. పేరు సంతోషమ్మ."

అక్కడే, గేటు దగ్గరే, చేతులు కట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. సంతోషమ్మ సబీనా వైపు చూసింది. బలవంతం చేయొద్దన్నట్టు ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది. ఇంక ఆవిడా కళ్ళు మూసుకుంది. తన పేరు తన నోట రావడానికి చాలాసేపు పట్టింది. "తండ్రీ, సంతోషమ్మని..." అని ఆగిపోయింది. ఏం అడగాలో తెలియలేదు. క్షమించమని అడగాలని ఉంది, ఏడుపు అడ్డం పడింది. ఆయన కాస్త ఆగి చూసి, అయిపోయిందనుకుని, ఆమెన్ అన్నాడు.

ఆవిడ కళ్ళు తెరిచేసరికి ఆయన తిరిగి వెళ్ళి బెంచీ మీద కూర్చున్నాడు. సంచీ ఒళ్ళో పెట్టుకున్నాడు. ఆవిడ ఎదురుగా నిలబడే ఉంది. ఆయన మెడ అటూ ఇటూ సాచి ఆవిడ వెనక్కి చూశాడు.

"ఏమనుకోకండమ్మా, కాస్త పక్కకి జరుగుతారా? రోడ్డు కనపడటం లేదు."

సంతోషమ్మ పక్కకి జరిగింది.