మా అత్తగారు బీరువా అయిన సాయంత్రం

మావారు బడిలో డ్రిల్లు మాస్టారు. ఇంట్లోనూ అదే ఉద్యోగం, కాకపోతే ఇక్కడ సెలవులుండవు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు, ఆయనకి కాగితం మీద గీసిన ప్లాన్లు గిట్టవు. "కాగితం మీద అందరూ బాగానే పరిగెడతారు. గ్రౌండులోకి దిగితే కదా తెలిసేది" అంటారు. అందుకే కొత్తింటి గ్యారేజీలో ఏ సామాను ఎక్కడ పెట్టాలో తేల్చడానికి ఆయన కాగితం, పెన్సిలు ముట్టుకోలేదు. మెళ్లో ఈల వేసుకుని ఇంటిల్లిపాదినీ గ్యారేజీలో వరసగా నిలబెట్టారు.

సామాను ఇంకా పాత ఇంట్లోనే ఉంది. మర్నాడు పొద్దున్నే లారీలో వస్తుంది. దాని వెనకే వడ్రంగి వచ్చి గోడలకి అరలు బిగిస్తాడు. బిగించాక మార్చేది లేదు. పైగా మా అత్తగారి బీరువాని ఒకసారి దించాక మళ్లీ కదపడం ఎవరి తరమూ కాదు. ఆ సాయంత్రం ఏది తేలితే అదే ఖాయం.

నాకు కావలసింది ఒక్కటే. ఆ గ్యారేజీ వెనక మూల ఒక కిటికీ ఉంది. ఇల్లు చూడ్డానికి వచ్చినప్పుడు మిగతావాళ్లు వంటగదీ పడగ్గదులూ చూస్తుంటే నేను ఆ కిటికీ ముందు నిలబడిపోయాను. దాని కింద నా కుట్టుమిషన్ పెట్టుకోవాలని అప్పుడే అనుకున్నాను. నేను కర్టెన్లు, పిల్లల యూనిఫారాలు కుడతాను. పాత ఇంట్లో నా మిషన్ కాపురం భోజనాల బల్ల మీద. "అన్నానికి రండి" అని ఎవరైనా అంటే చాలు, నేను దాన్ని ఎత్తి కింద పెట్టాలి. అందరూ చేతులు కడుక్కున్నాక మళ్లీ ఎత్తి బల్ల మీద పెట్టాలి. పెళ్లయిన దగ్గర్నుంచీ ఇదే వ్యాయామం. మా మరిది కూరలో దారప్పోగు తీసి, "వదినా, ఇవాళ కూర నీలం రంగులో చేశావా?" అంటాడు. నడుం పట్టేసిందని చెప్పినప్పుడల్లా మావారు, "కొత్తింట్లో చూద్దాంలే" అనేవారు. సరే, కొత్తిల్లు రానే వచ్చింది.

"సామాను రాలేదు కాబట్టి మీరే సామాను" అని ప్రకటించారు మావారు. "ఎవరు ఎక్కడ ఇమిడితే ఆ వస్తువు అక్కడ. అమ్మా, నువ్వు నీ బీరువా."

"నేను బీరువా ఏంట్రా, నీ మొహం! మోకాళ్లు నొప్పులు నాకు."

"అందుకే బీరువా ఇచ్చాను. కదలక్కర్లేదు." ఈల ఊది, ఆవిణ్ణి తీసుకెళ్లి సరిగ్గా కిటికీ కింద నిలబెట్టారు.

ఇంతలో పక్కింటాయన, కొత్తగా వచ్చినవాళ్లని పలకరిద్దామని లోపలికి తొంగి చూశాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, మంచి భారీ ఆకారం. మావారి కళ్లు మెరిశాయి. "రండి, సమయానికొచ్చారు. మీరు కారు ముందు భాగం" అన్నారు. మంచినీళ్లయినా ఇవ్వకముందే ఒక పెద్దమనిషికి కారు ఉద్యోగం ఇచ్చిన ఘనత మా ఇంటికే దక్కుతుంది. కారు పొడవుకి కొలిచి కోసిన తాడు ఆయన చేతికి ఒక కొసా, మా మరిది చేతికి ఇంకో కొసా ఇచ్చారు. మరిది వెనక భాగం. వాడు నిలబడే నిద్రపోగలడు కాబట్టి ఆ పాత్ర వాడికి సరిపోయింది.

పక్కింటాయన మాత్రం పనిని చాలా సీరియస్‌గా తీసుకున్నాడు. "మాస్టారూ, ఒక్క మాట. పక్క అద్దాలు తెరిచి ఉంచాలా, మడిచెయ్యాలా?"

"తెరిచే ఉంచండి."

ఆయన మోచేతులు రెండూ పక్కలకి చాపాడు. గేటు దాకా వెళ్లి, నోటితో హారన్ కొట్టుకుంటూ రివర్సులో వచ్చాడు. వెనక భాగం కునుకు తీస్తుండటంతో దాన్ని గుద్దేశాడు. "బ్రేకు పడలేదండీ" అని క్షమాపణ చెప్పి మళ్లీ మొదట్నుంచీ వచ్చాడు.

ఇక నేను. "నువ్వు నిచ్చెన, చేతులు పైకెత్తు" అన్నారు. ఎత్తాను. నా చుట్టూ సుద్దముక్కతో గీత గీశారు. "ఇప్పుడు వాషింగ్ మెషీన్." పక్కకి జరిగి వాషింగ్ మెషీన్ అయ్యాను. ఆ తర్వాత సైకిలు, ఆ తర్వాత పెయింటు డబ్బాలు. కాపురంలో నేను చెయ్యని పని ఏముందని, ఇవి మాత్రం చెయ్యనా? ఒక్కొక్క వస్తువు అవుతూ కిటికీ వైపే చూస్తున్నాను. నేల మీద ఖాళీ తరిగిపోతోంది.

ఆఖరికి ఆయన చేతులు దులుపుకున్నారు. "అంతే. మొత్తం సరిపోయింది. ఎంత బాగా కుదిరిందో చూశారా?"

"ఏమండీ, నా మిషన్?" అన్నాను పెయింటు డబ్బాల్లోంచి.

ఆయన అటూ ఇటూ చూశారు. "మిషన్‌గా నిలబడ్డానికి మనిషి లేడోయ్. అయినా చిన్నదేగా, ఎక్కడో ఒకచోట పడుంటుంది."

ఎక్కడో ఒకచోట! పాత టైర్లక్కూడా చోటు దొరికింది, వాటికి గుండ్రంగా గీత కూడా పడింది. నాకు ఒళ్లు మండిపోయింది. పరాయి మనిషి ముందు అరిస్తే బాగుండదని మింగలేక కక్కలేక నిలబడ్డాను.

"మరి నీ పెళ్లాం మిషన్ ఎక్కడ్రా?" అని మూలలోంచి గొంతు వినిపించింది.

మావారు ఈల ఊదారు. "అమ్మా, బీరువా మాట్లాడకూడదు."

"బీరువా నాది, దాని తాళంచెవి నా బొడ్లో ఉంది. దాని తరఫున నేను కాకపోతే ఎవరు మాట్లాడతార్రా?" అన్నారు మా అత్తగారు. "ఇందాకట్నుంచీ ఇక్కడ నిలబడి చూస్తున్నాను. ఎంత వెలుతురు! నా గాజు మీద గీతలు కూడా కనిపిస్తున్నాయి. లోపల పాత దుప్పట్లున్న బీరువాకి వెలుతురు దేనికి? చదువుకుంటుందా?"

అలా అంటూ మోకాళ్లు పట్టుకుని కదిలారు. ఎవరూ కదపలేని బీరువా దానంతటదే షట్టరు పక్కన చీకటి మూలకి నడుచుకుంటూ వెళ్లి, గోడకి ఆనుకుని నిలబడింది.

"కిటికీ కింద మిషన్ పెట్టాలంటే కొలవాలి కదమ్మా, మనిషి లేడుగా" అని గొణిగారు మావారు.

"మనిషి లేకపోవడమేంటి? మేమందరం సామానైపోయాం. ఉత్తి మనిషివి నువ్వొక్కడివే మిగిలావు. వెళ్లి కూర్చో."

పక్కింటాయన తాడు వదలకుండానే, "అమ్మగారు చెప్పింది న్యాయంగా ఉంది మాస్టారూ" అన్నాడు. కారు కూడా ఎదురుతిరిగాక మావారికి దారి లేకపోయింది. వెళ్లి కిటికీ కింద గొంతుక్కూర్చుని తల వంచి, చక్రం కోసం ఒక చెయ్యి పక్కకి చాపారు. అది మాత్రం ఒప్పుకోవాలి, ఏ పని చేసినా శ్రద్ధగానే చేస్తారు.

నేను, ఇంటికి రంగులేసినవాళ్లు మూలన వదిలేసిన ఖాళీ పెయింటు బకెట్ బోర్లించి ఆయన ఎదురుగా కూర్చున్నాను. సాయంత్రపు వెలుతురు నేరుగా ఆయన బట్టతల మీద పడుతోంది. నడుస్తున్నవాళ్ల నీడలు అడ్డురావు, ఎవరి కంచమూ తగలదు. నా మోకాళ్లకి చోటు చాలలేదు.

"కొంచెం వెనక్కి జరగండి" అన్నాను.

ఆయన జరిగారు. ఇన్నేళ్లలో నేను జరగమంటే ఆయన జరగడం అదే మొదలు. "ఇప్పుడు సరిపోయిందా?" అని అడిగారు కూడా, మెల్లగా.

"సరిపోయింది" అన్నాను. కానీ లేవబుద్ధి కాలేదు. ఇంకాసేపు అలాగే కూర్చున్నాను.

మా అత్తగారికి నిలబడే ఓపిక అయిపోయినట్టుంది. "చాల్లే, ఇక అన్నానికి రండి" అన్నారు.

ఆ మాట చెవిన పడగానే నేను చటుక్కున లేచి, వంగి, రెండు చేతులతో మా ఆయన్ని చంకల కింద పట్టుకుని ఎత్తబోయాను. అలవాటు, ఏం చెయ్యను? ఆయన కెవ్వుమన్నారు. మరిది మెలకువొచ్చి పగలబడి నవ్వాడు. అత్తగారు మాత్రం నవ్వలేదు.

"ఎత్తకే అమ్మాయ్" అన్నారు. "ఇక నువ్వు దాన్ని దించక్కర్లేదు. అది అక్కడే ఉంటుంది."

నాకు ఏడుపొచ్చేసింది. అందరి ముందూ, ఆ పక్కింటాయన ముందు కూడా, వెక్కి వెక్కి ఏడ్చాను.

కింద నుంచి మావారు, చాపిన చెయ్యి చాపినట్టే ఉంచి, "అయితే నా కంచం ఇక్కడికే తెస్తారా?" అన్నారు.