మామగారి గది మీది గాలిమర

ఆమె మొగుడితో వేగడం కంటే పొగరుబోతు ఎద్దుతో వేగడం నయం. ఎద్దుకు కనీసం ముక్కుతాడుంటుంది. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. నాలుగోది చూపిస్తే అది ఆమె కళ్ల దోషం.

వాళ్ల పశువుల ఫారానికి కరెంటు తీగ రాదు. నూతి మోటారు తిరగాలన్నా, నలభై పశువుల తొట్టి నిండాలన్నా గాలిమరే దిక్కు. "దిబ్బ మీద పెట్టరా. ఇంటి మీద గాలి సుడి తిరుగుతుంది," అని మామగారు పోయేదాకా చెప్పారు. అంత దూరం తీగ లాగడం దండగన్నాడు కొడుకు. ఆయన పోయిన నెలకే దాన్ని తెచ్చి, ఆయన గది కప్పుకే బిగించాడు.

అప్పట్నుంచి గాలి లేచినప్పుడల్లా ఆ ఖాళీ గదిలోంచి "ఊఁ..." అని మూలుగు. ఏదైనా నచ్చకపోతే మామగారు సరిగ్గా అలాగే మూలిగేవారు. కొడుకు ఆ గుమ్మం ముందు నడవడం మానేసి, పెరటి చుట్టూ తిరిగి వంటింట్లోకి వస్తున్నాడు.

"దెయ్యం కాదండీ, గాలిమర స్తంభం అదురు గోడలోకి దిగుతోంది. నేనూ నాలుగక్షరాలు చదివాను," అందామె.

"నేను భయపడ్డానని ఎవరన్నారు?"

"పెరట్లో మీ చెప్పులు వేసిన బాట."

ఆ మధ్యాహ్నం మోటారు ఆగిపోయింది. గాలిమర నింపాల్సిన బ్యాటరీల్లో ఛార్జింగు లేదు. ఆవులు తొట్టి అడుగు నాకుతున్నాయి. ఇంకో రెండు రోజులు ఇలాగే ఉంటే దూడలు దక్కవు.

"ఇంత గాలి వీస్తున్నా ఎందుకు ఎక్కట్లేదు?" అన్నాడు.

"సుడిలో రెక్కలు దిక్కులు చూస్తున్నాయి. మామయ్య చెప్పింది అదేగా!"

"తప్పు గాలిది. నాది కాదు."

"సరే, బ్రేకు వేస్తాను. మూలుగు ఆగితే ఆ దెయ్యం మీరు కప్పెక్కించిందే."

పందెం గెలిచినట్టే నవ్వుకుంటూ ఆమె మీట లాగింది. రెక్కలు నెమ్మదించి నిలిచాయి. మూలుగు ఆగింది. ఆ వెంటనే గాలి కూడా పడిపోయింది. ఎండలో గడ్డిపోచ కదలడం లేదు.

"చూశారా," అనబోయింది.

"ఊఁ..."

గది లోపల్నుంచే. ఆమె చదివిన నాలుగక్షరాల్లో దానికి జవాబు లేదు. తొట్టి దగ్గర పశువులన్నీ తలలెత్తి మామగారి కిటికీ వైపే చూస్తున్నాయి.

మొగుడు ఇన్నాళ్లకు ఆ గుమ్మం ముందుకెళ్లాడు. చెప్పులు విప్పాడు.

"నాన్నా," అన్నాడు. "తప్పు నాదే. దిబ్బ మీదే పెట్టాల్సింది."